చూచి వచ్చి చెప్పిన వీరుడు – అలెగ్జాండరు పోక్రిష్కిన్

యుద్ధములందు కీర్తి గడించినవారిలో పెక్కురు శత్రువులను కూల్చి పేరు పొందినవారే. శత్రువు ఎచ్చట ఉన్నాడో, ఎంత బలముతో ఉన్నాడో, ఏ దిక్కునకు కదలుచున్నాడో చూచి, చూచినది చూచినట్లుగా వచ్చి చెప్పినందులకు గొప్ప గౌరవము పొందినవారు అరుదు. అయినను మన పెద్దలు ఈ కార్యము యొక్క విలువ ఎరుగనివారు కారు. హనుమంతుడు సముద్రమును దాటి, సీత జాడ తెలిసికొని, ఆ వార్తను రామునకు చేర్చిన సుందరకాండమునే మనవారు ఇంటింట పారాయణము చేయుదురు. వార్త చేరిన పిమ్మటనే గదా వారధి కట్టుటయు, సేన నడచుటయు!

రెండవ ప్రపంచ యుద్ధమున సోవియట్ దేశమునందు అట్టి కార్యమును నెరవేర్చి, ఆ దేశపు అత్యున్నత పురస్కారమగు లెనిన్ పతకమును పొందిన వైమానికుడు అలెగ్జాండరు ఇవనోవిచ్ పోక్రిష్కిన్. తరువాతి కాలమున అతడు పెక్కు శత్రు విమానములను కూల్చిన యోధుడుగా లోకమునకు తెలిసెను. కాని అతనికి మొదట లెనిన్ పతకమును తెచ్చి పెట్టినది అతని తుపాకి కాదు, అతని చూపు.

హైదరాబాదు ప్రాంతమువారికి ఈ కథ బొత్తిగా పరాయిది కాదు. 1965లో బాలానగరమున హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ తన శాఖను నెలకొల్పినది మిగ్ విమానములకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరములను తయారు చేయుటకే. మిగ్ అను పేరు మికోయాన్, గురేవిచ్ అను ఇరువురు నిర్మాతల పేళ్ళ నుండి వచ్చినది. పోక్రిష్కిన్ యుద్ధారంభమున నడిపిన విమానమును వారు నిర్మించినదే. ఇక 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి సీమలు సమాచారమును సేకరించుట, సరిచూచుట, చేరవలసిన చోటికి చేర్చుట అను పనులకే పేరొందినవి. గణనయంత్రములు గాని, ఉపగ్రహములు గాని లేని దినములలో ఒక మనుష్యుడు తన రెండు కన్నులను నమ్ముకొని ఆ పనిని ఎట్లు నిర్వహించెనో తెలిసికొనుట ఈ సీమ యువకులకు తగియున్నది.

బాల్యము – విద్య

పోక్రిష్కిన్ 1913వ సంవత్సరము మార్చి నెలలో సైబీరియాలోని నోవోనికొలాయెవ్‌స్క్ పట్టణమున జన్మించెను. ఓబ్ నదీ తీరమున ఉన్న ఆ పట్టణమునకే 1926లో నోవోసిబిర్‌స్క్ అను పేరు వచ్చినది. అతని తల్లిదండ్రులు పేదవారు. చిన్ననాట తమ పట్టణమునకు వచ్చిన ఒక విమానమును దగ్గరగా చూచినది మొదలు ఆ బాలునకు వైమానికుడు కావలెనను కోరిక పుట్టెను. ఆ కాలమున, ఆ ఇంటి స్థితిలో, అది గాలిలో మేడ కట్టుట వంటిదే. అతడు చిన్న వయసుననే ఇండ్ల పైకప్పులు వేయు పనికి పోయెను. పిమ్మట కర్మాగారమునకు అనుబంధమైన వృత్తి పాఠశాలలో చేరి, కొలతలకు సరిపోవునట్లు పనిముట్లను మలచు సూక్ష్మమైన పనిని నేర్చెను. వెంట్రుకవాసి తేడాను కనిపెట్టు ఆ అలవాటు తరువాత ఆకాశమున అతనికి ఎంతయో ఉపకరించెను.

1932లో అతడు స్వచ్ఛందముగా సైన్యమున చేరి పెర్మ్ నగరములోని వైమానిక పాఠశాలకు పోయెను. అచ్చట విమానము నడుపుట నేర్పుదురని అతని ఆశ. కాని ఆ పాఠశాలలో వైమానికుల శిక్షణము నిలిపివేయబడి, యంత్రములను బాగుచేయు వారికి మాత్రమే చదువు చెప్పుచుండిరి. విధిలేక అతడు ఆ విద్యనే అభ్యసించి 1933లో మెకానిక్ అయ్యెను. ఇతరులు ఎగురు విమానములను శుభ్రపరచి, నూనె పోసి, మరలు బిగించి పంపుటయే అతని ఉద్యోగము. వైమానిక శిక్షణమునకు పంపుమని పలుమారులు అర్జీలు పెట్టుకొనెను. మంచి మెకానిక్‌ను వదలుకొనుటకు అధికారులు సమ్మతింపలేదు.

అయినను అతడు నిరాశ పడలేదు. సెలవు దొరికినప్పుడు గ్రంథములను ముందు వేసికొని గణితము, భౌతిక శాస్త్రము, విమాన సిద్ధాంతము చదివెను. 1938లో సెలవు పుచ్చుకొని, క్రాస్నోదార్ నగరములోని పౌర వైమానిక సంఘమున చేరి, ఇతరులు దీర్ఘకాలము నేర్చెడి పాఠక్రమమును 17 దినములలో ముగించి ఉత్తీర్ణుడయ్యెను. చేత పట్టా ఉన్నవానిని ఇక కాదనుట అధికారులకు కష్టమయ్యెను. క్రిమియాలోని సుప్రసిద్ధమైన కాచా వైమానిక పాఠశాలకు అతనిని పంపిరి. 1939లో అతడు అచ్చట ఉత్తమ శ్రేణిలో కృతార్థుడై యుద్ధ వైమానికుడయ్యెను. అప్పటికి అతని వయస్సు 26 ఏండ్లు. సైన్యమున చేరి 7 సంవత్సరములు గడచినవి.

మొదటి దినపు పొరపాటు

1941 జూను 22వ తేదీ తెల్లవారుజామున జర్మను సేనలు సోవియట్ దేశముపై పడినవి. అప్పుడు పోక్రిష్కిన్ మొల్దావియాలో, సరిహద్దునకు సమీపమున ఉన్న 55వ యుద్ధ విమాన రెజిమెంటులో ఉండెను. అతని వాహనము మిగ్-3. ఆ మొదటి దినమే అతడు ఆకాశమున అపరిచితమైన ఆకారము గల విమానములను చూచి, శత్రువులవి అని తలంచి ఒకదానిపై కాల్పులు జరిపెను. అది దెబ్బతిన్నది. మరుక్షణమున దాని రెక్కలపై ఎఱ్ఱ నక్షత్రము కనబడెను. అది తన దేశపు సు-2 అను బాంబరు విమానమే!

క్రొత్త రకమగు ఆ విమానములను రహస్యముగా ఉంచుటచే యుద్ధ వైమానికులకు వాని ఆకృతి తెలియదు. తన వెనుక వచ్చుచున్న సహచరులు కూడ అదే పొరపాటు చేయకుండ, పోక్రిష్కిన్ వారి గురికి అడ్డముగా పోయి, రెక్కలు ఊపి, మిగిలిన విమానములను కాపాడెను. మరునాడే అతడు ఒక జర్మను మెసర్‌స్మిట్ విమానమును కూల్చి మొదటి విజయము పొందెను. కాని ఆ విజయము మొదటి దినపు బాధను మాన్పలేదు. ఆ సంఘటనను అతడు జీవితాంతము మరువలేదు, దాచలేదు. తన గ్రంథమున కూడ వ్రాసికొనెను. చూచుట వేరు, గుర్తించుట వేరు అను సత్యము ఆ ఉదయమున అతని మనస్సున నాటుకొనెను.

వేగు పని

ఆ వేసవి అంతయు సోవియట్ సేనలు వెనుకకు తగ్గుచుండెను. శత్రువు ఏ దారిన వచ్చుచున్నాడో సేనాపతులకు ప్రతి గంటకు తెలియవలెను. తంతి స్తంభములు కూలినవి. రేడియోలు చాలవు. అందుచే యుద్ధ విమానములనే వేగునకు పంపుచుండిరి. పోక్రిష్కిన్ దినమునకు పలుమారులు అట్టి పనిమీద ఎగిరెను.

ఒంటిగా విమానమును నడుపు మనుష్యుడు, మోకాలిపై పటము పరచుకొని, ఒక చేత నడపుచు, క్రిందికి చూచి లెక్క పెట్టవలెను. లారీలెన్ని, ఫిరంగులెన్ని, ట్యాంకులెన్ని, అవి నిలిచియున్నవా, కదలుచున్నవా, కదలుచున్నచో ఏ దిక్కునకు – ఇవన్నియు కొలది క్షణములలో గ్రహింపవలెను. ఎత్తున పోయిన వివరము కనబడదు. క్రిందికి దిగిన తుపాకులు వదలవు. దుమ్ము రేపుచు పోవు బండ్ల వరుస శత్రువుదో, పారిపోవుచున్న స్వజనులదో నిర్ణయించుటయు సులభము కాదు. తప్పుగా చెప్పిన తన సేనపైననే బాంబులు పడును.

ఇంతకంటె కష్టమైనది నిగ్రహము. చూచి రమ్మన్న కాల్చి వచ్చినట్లు అని మన సామెత. శత్రువు కంటబడినప్పుడు వీరుని చేయి ఊరకుండదు. కాని వేగునకు పోయినవాడు పోరాటమునకు దిగి ప్రాణము కోలుపోయిన, అతడు చూచినది అతనితోనే పోవును. తిరిగి వచ్చుటయే అతని మొదటి విధి. ఈ నియమమును పోక్రిష్కిన్ కష్టముతో అలవరచుకొనెను. జూలై నెలలో విమాన విధ్వంసక ఫిరంగుల దెబ్బకు అతని విమానము నేల వ్రాలగా, కొన్ని దినములు నడచి తన దళమును చేరుకొనెను. అక్టోబరులో మరల కూలి, శత్రువులు నలుదిక్కుల చుట్టుముట్టిన ప్రదేశమున చిక్కుకొని, దెబ్బతిన్న తన విమానమును లారీకి కట్టి లాగించుకొని పోవ యత్నించెను. అది సాధ్యము కాక దానిని తగులబెట్టి, తోటివారితో కలిసి బయటపడెను.

రోస్టోవ్ సమీపమున

1941 నవంబరున దక్షిణ రంగమున పరిస్థితి విషమించెను. డాన్ నదీ తీరమున ఉన్న రోస్టోవ్ నగరము కాకసస్ సీమకు వాకిలి వంటిది. ఆ వాకిలి దాటిన నూనె గనులకు దారి తెరచుకొనును. జర్మను సేనాపతి క్లైస్ట్ తన ట్యాంకుల సేనతో ఆ నగరముపై కన్ను వేసెను. కాని ఆ ట్యాంకులు ఎచ్చట కూడియున్నవో, ఏ దిక్కు నుండి విరుచుకొని పడనున్నవో సోవియట్ సేనాపతులకు స్పష్టముగా తెలియకుండెను. మేఘములు నేలను తాకునట్లు వ్రాలియుండెను. మంచు కురియుచుండెను. అట్టి వాతావరణమున విమానములు ఎగురుట ఆత్మహత్యతో సమానము. క్లైస్ట్ ట్యాంకులను ఎట్లయినను కనుగొని రావలయునని పోక్రిష్కిన్‌ను ఎన్నుకొని పంపిరి.

అతడు మేఘముల క్రింద, నేలకు అతి చేరువగా ఎగిరెను. అంత క్రిందుగా పోవునప్పుడు చెట్టు గాని, తంతి స్తంభము గాని, గుట్ట గాని ఎదురైనచో తప్పుకొనుటకు ఒక్క క్షణమే వ్యవధి. ఎత్తుకు పోదమన్న ఏమియు కనబడదు. అడుగంటుచున్న ఇంధనమును చూచుకొనుచు, తిరిగి పోవుటకు చాలినంత మిగిల్చుకొని వెదకవలెను. అతడు తిరిగి తిరిగి వెదకి, రోస్టోవ్‌నకు ఉత్తరమున షాఖ్తీ దిక్కున ట్యాంకుల సమూహమును కనుగొనెను. అవి ఎవరివో నిశ్చయముగా తెలిసికొన్న తరువాతనే వెనుదిరిగెను. జూను 22వ తేదీ ఉదయమున సు-2ను గుర్తింపలేకపోయిన కన్నులే ఈ దినమున పొరపాటు పడలేదు.

ఆ వార్త వెంటనే పై అధికారులకు చేరెను. ఆ ఒక్క వార్తయే యుద్ధమును నిర్ణయించినదనుట అతిశయోక్తి యగును. నవంబరు 21న రోస్టోవ్ జర్మనుల వశమయ్యెను. కాని సోవియట్ సేనలు ప్రతిఘటించి వారము దినములలోనే, నవంబరు 29 నాటికి, నగరమును మరల గైకొనెను. జర్మను సేనలు తాము పట్టిన పెద్ద నగరమును విడిచి వెనుకకు తగ్గుట ఆ రంగమున అదియే ప్రథమము. ఆ పరాభవమునకు వారి దక్షిణ సేనా సమూహపు నాయకుడు రుండ్‌స్టెట్ పదవిని కోలుపోయెను. ఇంత పెద్ద కార్యమున వేలాది సైనికుల రక్తము కలదు. వారితోబాటు ఒక వైమానికుని చూపునకును భాగము కలదు.

ఆ పతకము

1941 డిసెంబరులో పోక్రిష్కిన్‌నకు లెనిన్ పతకము ప్రకటింపబడెను. ఈ పతకము 1930 ఏప్రిల్ 6న నెలకొల్పబడినది. సోవియట్ దేశమున దీనికి మించిన పురస్కారము లేదు. వీరులకే గాక శాస్త్రజ్ఞులకు, కర్షకులకు, కర్మాగారములకు, సంస్థలకు కూడ దీనిని ఇచ్చుచుండిరి. మొట్టమొదటి పతకము కొమ్సొమోల్‌స్కయా ప్రావ్దా అను వార్తాపత్రికకు లభించుట గ్రంథాలయ పాఠకులకు ఆసక్తికరమగు విషయము. పతకము బంగారముతో చేయబడి, నడుమ ప్లాటినము లోహముతో మలచిన లెనిన్ ముఖచిత్రము ఉండెడిది. చుట్టును గోధుమ వెన్నులు, పైన ఎఱ్ఱ జెండా. 1943 వరకు దీనిని చొక్కాకు మరతో బిగించుకొనెడివారు. తరువాత పట్టెడకు వ్రేలాడదీయు పద్ధతి వచ్చినది.

పోక్రిష్కిన్‌నకు జీవితకాలమున మొత్తము 6 లెనిన్ పతకములు లభించినవి. వానిలో ఈ మొదటిది శత్రు విమానములను కూల్చిన లెక్కను బట్టి వచ్చినది కాదు. అదియే దీని విశేషము.

కష్టకాలము

పతకము పొందినవానికి ఇక కష్టములు లేవని తలంచుట పొరపాటు. 1942లో అతని రెజిమెంటునకు గార్డ్స్ అను గౌరవ నామము లభించి 16వ గార్డ్స్ రెజిమెంటు అయ్యెను. ఆ సంవత్సరముననే అతనికి పై అధికారితో వైరము ఏర్పడెను. పాత పద్ధతులలో విమానములను గుంపుగా, దగ్గర దగ్గరగా, తక్కువ వేగముతో నడపుట వలన యువకులు నిష్కారణముగా చనిపోవుచున్నారని అతడు బాహాటముగా వాదించెడివాడు. స్వభావమున ముక్కుసూటి మనిషి. భోజనశాలలో జరిగిన ఒక కలహము అతని విరోధులకు అవకాశమయ్యెను. పదవి పోయెను. పార్టీ నుండి వెలివేసిరి. సైనిక న్యాయస్థానమున విచారణ జరుగునను భయము కూడ కలిగెను. అతని పనిని కన్నులార చూచినవారు అండగా నిలిచి నిజము చెప్పుటచే ఆ ఆపద తొలగెను.

ఆ దినములలో అతడు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. తాను చేసిన ప్రతి పోరాటమును బొమ్మలుగా గీసి, ఎచ్చట తప్పు జరిగినది, ఎచ్చట ఒప్పు జరిగినది విచారించెను. మొదటి దినపు పొరపాటు నుండి వేగు పనిలోని నియమముల వరకు తాను చూచినవన్నియు అందు చేరినవి. ముందుగా ఎత్తు సంపాదించుట, ఎత్తును వేగముగా మార్చుట, వేగముతో యుక్తిగా మెలగుట, అతి సమీపమున మాత్రమే కాల్చుట అను నాలుగు అంశముల పద్ధతి ఆ విచారము నుండి పుట్టినది. విమానములను మెట్లు మెట్లుగా వేర్వేరు ఎత్తులలో నిలిపి, ఒకరిని ఒకరు కాపాడుకొను వ్యూహమును కూడ అతడు రూపొందించెను.

కుబాన్ యుద్ధము

1943 వసంతమున కుబాన్ మైదానముపై జరిగిన వాయు యుద్ధములలో ఈ పద్ధతి పరీక్షింపబడెను. అప్పటికి అతని రెజిమెంటునకు అమెరికాలో తయారైన ఎయిరాకోబ్రా విమానములు వచ్చినవి. అవి ఇరాను మార్గమున సోవియట్ దేశమును చేరినవి. ఆ ఇరాను దారిలో సోవియట్ సేనకు సామగ్రిని చేరవేసినవారిలో మన భారతీయ సైనికులు కూడ ఉండిరి. ఆ సేవకు గాను 1944లో సుబేదారు నారాయణరావు నిక్కం, హవల్దారు గజేంద్రసింగ్ అను ఇరువురు భారతీయులకు సోవియట్ ప్రభుత్వము ఎఱ్ఱ నక్షత్ర పతకమును ఇచ్చెను. ఆకాశమున ఎగిరినవానికి ఒక పతకము, ఎడారి దారులలో లారీలు నడిపినవారికి ఒక పతకము. రెండును ఒకే యుద్ధమునకు చెందినవే.

కుబాన్ యుద్ధమున పోక్రిష్కిన్ పేరు మారుమ్రోగెను. 1943 మే నెలలో సోవియట్ వీర బిరుదమును, దానితో బంగారు నక్షత్రమును పొందెను. అదే సంవత్సరము ఆగస్టులో రెండవసారి, 1944 ఆగస్టు 19న మూడవసారి ఆ బిరుదము లభించెను. మూడుమారులు ఆ గౌరవమును పొందిన ప్రథముడు ఇతడే. అతడు 650కి పైగా పర్యాయములు యుద్ధ కార్యములపై ఎగిరి, 156 వాయు పోరాటములలో పాల్గొనెనని సోవియట్ లెక్కలు చెప్పుచున్నవి. అతడు స్వయముగా కూల్చిన విమానములు 59 అని అధికారిక గణన. తరువాతి పరిశోధకులలో కొందరు ఈ సంఖ్య ఇంతకంటె తక్కువయని లెక్క కట్టిరి. సంఖ్య ఎంతయైనను, అతడు నేర్పిన పద్ధతి వలన ఎందరో యువ వైమానికులు ప్రాణములతో ఇల్లు చేరిరనుట యథార్థము.

1944లో అతడు 9వ గార్డ్స్ యుద్ధ విమాన డివిజనునకు నాయకుడయ్యెను. 1945 ఆరంభమున జర్మనీలో విమానము దిగుటకు నేలలన్నియు బురదమయము కాగా, అతడు మోటారు బండ్లు పోవు సిమెంటు రహదారినే విమానాశ్రయముగా మార్చెను. రెక్కలకు ఇరువైపుల కొంచెమే చోటు మిగులు ఆ ఇరుకు దారిపై మొదట తానే దిగి చూపి, పిమ్మట అనుచరులను దించెను. 1945 జూన్ 24న మాస్కోలో జరిగిన విజయోత్సవ ప్రదర్శనమున ఒకటవ ఉక్రేనియన్ రంగపు పతాకమును మోసినవాడు అతడే.

తరువాతి జీవితము

యుద్ధము ముగిసిన పిమ్మట అతడు మరల విద్యార్థియై, ఫ్రూంజె సైనిక విద్యాపీఠమున చదివి 1948లో బంగారు పతకముతో ఉత్తీర్ణుడయ్యెను. ముమ్మారు వీరుడైనను జనరల్ పదవి అతనికి 1953లో గాని రాలేదు. ముక్కుసూటితనమునకు అది చెల్లించిన మూల్యమని పలువురు తలంతురు. తరువాత దేశ వాయు రక్షణ దళములలో ఉన్నతోద్యోగములు నిర్వహించెను. 1972 నుండి 1981 వరకు యువకులకు విమానయానము మొదలగు విద్యలు నేర్పు దోసాఫ్ అను సంస్థకు అధ్యక్షుడుగా ఉండెను. తాను 17 దినములలో విమానము నడుప నేర్చినది పౌర వైమానిక సంఘముననే. అట్టి సంఘములన్నియు ఇప్పుడు అతని పాలన క్రిందికి వచ్చుట విశేషము. 1972 డిసెంబరులో విమాన దళ మార్షల్ అయ్యెను. తన యుద్ధానుభవములను గ్రంథములుగా వ్రాసెను.

1985 నవంబరు 13న పోక్రిష్కిన్ మాస్కోలో కాలధర్మము చెందెను. నోవొదేవిచ్యె శ్మశానవాటికలో అతనికి సమాధి కలదు. అతడు పుట్టిన నోవోసిబిర్‌స్క్ నగరమున 2000లో ప్రారంభమైన భూగర్భ రైలు స్టేషనునకు అతని పేరు పెట్టిరి. అతడు సేవించిన సోవియట్ రాజ్యము 1991లో అంతరించినది. లెనిన్ పతకము ఇచ్చుటయు దానితోనే ముగిసినది.

రాజ్యములు పోయినను, పతకములు నిలిచిపోయినను, అతని జీవితమున మనకు గ్రాహ్యమైనది ఒకటి కలదు. మొదటి దినమున తొందరపడి చూచి తన వానినే కొట్టినవాడు, అయిదు నెలలు గడచునప్పటికి, ప్రాణమునకు తెగించి నిదానించి చూచి దేశమునకు నిజము తెచ్చి ఇచ్చెను. ఆ రెంటి నడుమ ఉన్నది అదృష్టము కాదు, విద్య. తప్పును దాచకుండుట, తెలియనిది చదివి తెలిసికొనుట, సరిచూడనిదే ఒరులకు చెప్పకుండుట – ఇవియే ఆ విద్యకు అంగములు. విన్నదెల్ల నిజమని నమ్మి నలుగురికి చాటు అలవాటు ప్రబలిన ఈ కాలమున, గ్రంథాలయమున కూర్చుండి ఒక విషయమును రెండు పుస్తకములలో సరిచూచు పాఠకుడు కూడ ఆ వీరుని పనినే తన పాటికి తాను చేయుచున్నాడు.